రెండో కాలి పసుపు

వెన్నుకు ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని మా ఇంట్లో దాదాపు ఏడాదిపాటు వాదన నడిచింది. చేయించుకోవాలనేది గురుగ్రామ్‌లో ఉండే మా అమ్మాయి. వద్దనేది మావారు. రెండువైపులా విని తీర్పు చెప్పవలసినదాన్ని నేను. పైగా వెన్ను నాది.

నేను ముప్పైనాలుగేళ్ళు కేంద్ర ప్రభుత్వ ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మేము వసంత్ కుంజ్‌లో లిఫ్టు లేని ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటాం. ఈ సంగతి మొదలైనప్పుడు నాకు డెబ్బై నిండి మూడు నెలలు.

నొప్పి ముందు నడుములో తెలియలేదు, పిక్కల్లో తెలిసింది. మార్కెట్‌కు నడుస్తుంటే సగం దారిలో కాళ్ళు బరువెక్కి, ఇక అడుగు పడదనిపించేది. ముందుకు వంగి దేన్నయినా పట్టుకుంటే రెండు నిమిషాల్లో సర్దుకునేది. ఆ దారిలో వంగి పట్టుకోవడానికి అనువైనది కూరగాయల బండి ఒక్కటే. దాని అంచు పట్టుకుని, ఊరికే నిలబడితే బాగుండదని ఆనపకాయలు ఏరుతూ ఉండేదాన్ని. నేను బేరానికి భీష్మించుకున్నాననుకుని బండి భయ్యా తనంతట తానే ధర తగ్గించేవాడు. తగ్గించాక కొనకపోతే మర్యాద కాదు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఆనపకాయ పులుసు, ఆనపకాయ పాలుపోసిన కూర, ఆనపతొక్కు పచ్చడి. చివరికి ఒకరోజు మావారు కంచం ముందు కూర్చుని, "ఏమోయ్, మనం ఏదైనా మొక్కుకున్నామా?" అని అడిగారు. అప్పుడు చెప్పాను.

అమ్మాయి వెంటనే కారు పంపించి గురుగ్రామ్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఎమ్మారై చూసి, నడుము కింది పూసల దగ్గర నరాలు వెళ్ళే దారి ఇరుకైపోయిందని, స్క్రూలు వేసి బిగించాలని, వచ్చే వారమే చేసేద్దామని చెప్పాడు. ఆయన నన్ను నడిపించి చూడలేదు. ఫైలు చూసిన మనిషి సరుకు చూడకుండా సంతకం పెడితే నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఇప్పుడెందుకు ఒప్పుకుంటాను? వచ్చేశాను.

మావారి భయం వేరు. ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, చాలా ఏళ్ళ కిందట కాకినాడలో వెన్నుకు ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత ఆయన మళ్ళీ లేచి కూర్చోలేదు. ఆయన జబ్బు వేరు, ఆ రోజులు వేరు అని ఎంత చెప్పినా మావారు వినేవారు కాదు. "నడిచి వెళ్ళాడు, మోసుకొచ్చాం," అనేవారు. ఆ పూటకు వాదన అక్కడితో ముగిసేది.

రెండో డాక్టరు దక్షిణ ఢిల్లీలోనే దొరికాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఫిల్ములు పక్కన పెట్టి ముందు నన్ను నడవమన్నాడు. మునివేళ్ళ మీద, మడమల మీద నడిపించాడు. తరువాత, "మాతాజీ, దర్ద్ దస్ మే సే కిత్నా?" అన్నాడు. నొప్పి పదికి ఎంత అని.

"పది అంటే ఎంత?" అన్నాను.

"పది అంటే మీరు భరించలేనిది."

"ఇప్పటిదాకా అన్నీ భరించాను కదండీ."

ఆయన కలం ఆపి నావైపు చూశాడు. పక్కనున్న అమ్మాయి, "అమ్మా, ప్లీజ్, ఒక నంబర్ చెప్పు, ఇది ఆడిట్ కాదు," అంది. కొలతకు ఒక ఆధారం ఉండాలి కాబట్టి, అదే అమ్మాయిని కన్న రోజును పది అనుకుని, దాని లెక్కన ఇది ఆరు అని చెప్పాను.

ఆయన చెప్పింది స్పష్టంగా ఉంది. నొప్పి ఒక్కటే అయితే తొందర లేదు. వ్యాయామం చేస్తూ, మందులు వేసుకుంటూ ఉండవచ్చు. ఇక వద్దు అని నాకు అనిపించిన రోజున చేస్తాడు, అనిపించకపోతే చెయ్యడు. "కానీ కాలు బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అప్పుడు మీ ఇష్టం అనేది ఉండదు. అపాయింట్‌మెంట్ కూడా చూడకుండా వచ్చెయ్యండి." స్క్రూల మాట అడిగితే, మీకు వాటితో పని లేదు, దారి వెడల్పు చేస్తే చాలు అన్నాడు. నాకు ఆ డాక్టరు నచ్చాడు. రూలు ఏమిటో, దానికి మినహాయింపు ఏమిటో రెండూ ఒక్కసారే చెప్పిన మనిషి.

ఆ రోజు నుంచీ గోడమీది పంచాంగం కేలండర్లో, తిథి పక్కన, పెన్సిలుతో నొప్పి అంకె వేయడం మొదలుపెట్టాను. గ్యాసు బుక్ చేసిన రోజు, పాలు మానేసిన రోజు ఎలాగూ అక్కడే ఉంటాయి. డాక్టరు చెప్పిన మిగతా రెండింటికీ అంకె లేదు. నడుస్తున్నాను కదా, బలం ఉన్నట్టే అనుకున్నాను. అంకె ఉన్నదాన్ని రోజూ చూశాను, లేనిదాన్ని వదిలేశాను. అంత అనుభవం ఉండీ చేసిన పని ఇది.

ఇక వాయిదాలు. కార్తీకంలో చేయించుకుందామంటే, ఊళ్ళో పొగ, ఊపిరితిత్తులు ఆగవు అన్నారు మావారు. నిజమే, అప్పుడు కిటికీలోంచి ఎదురు బ్లాకు కూడా కనిపించడం లేదు. తరువాత మనవరాలి బోర్డు పరీక్షలు, అమ్మాయికి సెలవు లేదు. తరువాత ఎండలు, కుట్లు చీము పడతాయి అన్నారు. తరువాత ఆషాఢం. "ఆషాఢానికీ ఆపరేషన్‌కీ ఏమిటి సంబంధం?" అని అడిగితే, "సంబంధం లేకపోతే మరీ మంచిది, ఒక్క నెలేగా," అన్నారు. ప్రతి వాయిదాకూ కారణం సబబుగానే ఉండేది. ఒక్క కారణమూ నా కాళ్ళకు సంబంధించింది కాదు.

అంతలో ఎండాకాలం చివర్లో నొప్పి తగ్గసాగింది. కేలండర్లో ఆరు ఐదయింది, నాలుగయింది. ఆషాఢం వచ్చేసరికి రెండు. ఎడమ పిక్కలో పోటు దాదాపు పోయింది. మావారికి పది నెలల కాగితాలు తిప్పి తిప్పి చూపించాను. ఆయన వెంటనే చెప్పులేసుకుని వెళ్ళి జిలేబీ తెచ్చారు. అమ్మాయికి ఫోన్ చేసి ఆపరేషన్ అక్కర్లేదని చెప్పేశాను. వెనకనుంచి మనవరాలి గొంతు, "సచ్చీ, అమ్మమ్మా? మిరాకిల్ హో గయా?" అంది. నిజమేనా, అద్భుతం జరిగిందా అని. మిరాకిల్ కాదు, వ్యాయామం అన్నాను.

ఇప్పుడు కింది ఇంటావిడ గురించి చెప్పాలి. మా కింద, మొదటి అంతస్తులో ఉంటారు. వరంగల్లువారు. స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. బడి వదిలాక పిల్లలకు ఇంట్లోనే పాఠం చెబుతారు. నాకంటే ఆరేళ్ళు చిన్న. మాకూ ఆవిడకూ పద్దెనిమిదేళ్ళ పరిచయం, పదిహేడేళ్ళ తగువు. మా తులసికుండీ నీళ్ళు ఆవిడ ఆరేసిన చీరల మీద పడతాయి. ఆవిడ పిల్లల సరళీ స్వరాలు మా మధ్యాహ్నం నిద్ర మీద పడతాయి. పండుగలకు వాయినాలు ఇచ్చుకుంటాం, మిగతా రోజుల్లో ఫోన్లు చేసుకుంటాం.

ఆషాఢంలోనే ఆవిడ ఫోను వచ్చింది.

"అక్కా, ఏమనుకోకున్రి. మీ ఇంట్ల ఏం కొడుతున్రు?"

"మా ఇంట్లో కొట్టేవాళ్ళెవరున్నారండీ? ఇద్దరం ముసలివాళ్ళం."

"మరి సప్పుడేంది? ఒకటి మెల్లగ పడ్తది, ఇంకోటి ఫట్టుమంటది. మా పిల్లలు ఆదితాళం ఏస్తుంటే మీ తాళం పైనుంచి వేరే వస్తున్నది. పోరగాండ్లు నవ్వుతున్నరు."

"మీ పిల్లల తాళమే తప్పుతోందేమో చూసుకోండి," అని పెట్టేశాను.

వారం పోయాక మళ్ళీ చేసింది. చప్పుడు రాకుండా రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ఎడమ చెప్పు మెట్ల మీద రెండుసార్లు జారిపోయింది, నేను దిగివచ్చాక వెనక్కి తిరిగి చూస్తే అది మూడు మెట్ల పైన ఉంది. చెప్పు సాగిపోయిందనుకుని కొత్త జత కొన్నాను. అదీ జారింది. ఈ రోజుల్లో సరుకులో నాణ్యం లేదని మావారితో అన్నాను. ఆయనకు కుడిచెవి అంతంతమాత్రం, టీవీ ఎప్పుడూ పెద్దగా పెట్టుకుంటారు. మా ఇంట్లో నా అడుగుల చప్పుడు వినే మనిషి లేడు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం పేరంటానికి ఆవిడ పిలిచింది. తగువు తగువే, పసుపు కుంకుమ దగ్గర మాకు ఎప్పుడూ లోటు లేదు. పదకొండు గంటలకు కట్టుచీర మార్చుకుని దిగాను. అప్పటికింకా ఎవరూ రాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, నూనె కలిపిన పసుపు గిన్నె పట్టుకుని ఆవిడ నా కాళ్ళ దగ్గర పీట మీద కూర్చుంది. నేను అమ్మవారి అలంకారం చూస్తున్నాను. కలశానికి కట్టిన జాకెట్టుగుడ్డ మంగళగిరిదా, గద్వాలదా అని ఆలోచిస్తున్నాను. ఆవిడ రాసి, చెయ్యి తుడుచుకుని లేవబోయింది.

"రెండో కాలికి రాయలేదేమండీ?" అన్నాను. ఇలాంటి విషయాల్లో సగం పని నాకు గిట్టదు.

ఆవిడ ఆగిపోయింది. "ఏ కాలికక్కా?"

"ఎడమకాలికి."

ఆవిడ నా కాళ్ళవైపు చూసింది. నేనూ చూశాను. రెండు పాదాలూ మడమ దాకా పచ్చగా ఉన్నాయి. ఎడమకాలికి కాస్త దట్టంగానే రాసింది, ముందు దానికే రాసిందట.

ఆవిడ గోరుతో ఆ పాదం పైన మెల్లగా గీసింది. చూస్తున్నాను కాబట్టి గీస్తున్నదని తెలిసింది, అంతే. "వేళ్ళు పైకి లేపున్రి," అంది. కుడికాలి వేళ్ళు లేచాయి. ఎడమ బొటనవేలు నేను చెప్పింది తనకు కాదన్నట్టు ఉండిపోయింది.

"ఒక్కపారి గోడ దాకా నడిచి రాన్రి, అక్కా."

నడిచాను. నా అడుగుల చప్పుడు నేను కూడా ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ఆవిడ ముఖం చూస్తూ విన్నాను. కుడికాలు మడమ నుంచి మెత్తగా దిగుతోంది. ఎడమపాదం ముందుభాగం ఆగలేక నేలను చరుస్తోంది.

"గిదే," అంది ఆవిడ. "గిదే నాకు ఇనబడేది." అని, దగ్గరికి వచ్చి, "కొడుతున్రని తిట్టుకున్న, అక్కా. తప్పయింది," అంది.

డాక్టరు చెప్పిన మినహాయింపు నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తులేక కాదు, అది నాకు వర్తిస్తుందనుకోలేదు. ఎడమకాలు ఇక ఎప్పటికీ ఇంతేనా అన్న భయం ఆ కుర్చీలో మొదటిసారి వేసింది. లిఫ్టు లేని ఇల్లు. నలభై మెట్లు. మెట్లు దిగలేని రోజున ఈ ఇల్లు నాది కాదు, మార్కెట్ నాది కాదు. అమ్మాయి ఇంట్లో పద్నాలుగో అంతస్తులో కిటికీ పక్క కుర్చీ, అదే నాకు మిగిలేది. కానీ మావారు ఒప్పుకుంటారా? మళ్ళీ అదే అంటారు, నడిచి వెళ్ళాడు, మోసుకొచ్చాం అని.

ఆ మాటే పైకి అన్నాననుకుంటాను. ఆవిడ, "మీరు చెప్పకున్రి. నేను చెప్త," అని మావారికి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, జరంత కిందికి రాన్రి. ప్రసాదమే, తర్వాత ఇస్త, ముందు రాన్రి."

ఆయన వచ్చారు. ఆవిడ ఆయన్ను పాఠాలు చెప్పే గదిలో, ఫ్యాను ఆపి, కూర్చోబెట్టింది. నన్ను పైకి వెళ్ళి, వంటింటి నుంచి హాలులోకి రోజూ నడిచినట్టే నడవమంది. నేను వెళ్ళాను. టీవీ కట్టేసి నడిచాను. పసుపు పాదాల గుర్తులు గచ్చు మీద పడ్డాయి. కుడి గుర్తులు సరిగా ఉన్నాయి. ఎడమ గుర్తుల్లో వేళ్ళ దగ్గర ఒక గీత లాక్కుపోయి ఉంది. నాలుగుసార్లు తిరిగాక ఆగి నిలబడ్డాను.

కాసేపటికి మావారు పైకి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి గచ్చు మీది గుర్తులు చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"తెలియదు."

"నీకు తెలియనిది కూడా ఉందన్నమాట," అన్నారు. ఎప్పుడూ వేళాకోళానికి అనే మాటే, కానీ గొంతు వేరుగా ఉంది. లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. "డాక్టరుకి ఫోన్ చెయ్యి. అన్నయ్య సంగతి వేరు. నడిచి వెళ్ళాడంటాను గానీ, వాడికి చెయ్యకముందే కాళ్ళు పోయాయి. నాకది ఎప్పుడూ తెలుసు."

ఆ చివరి మాట కోసం నేను ఏడాది ఎదురుచూశాను. అది వచ్చాక ఏం చెయ్యాలో తోచక, ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాను.

శనివారం పొద్దున్నే అమ్మాయి కూడా వచ్చింది. డాక్టరు మిగతా పేషెంట్ల మధ్యలో మమ్మల్ని ఇరికించుకుని చూశాడు. నొప్పి తగ్గింది కదండీ, పది నెలలకు పైగా అంకెలున్నాయి అన్నాను. మరీ నలిగిన నరం ఒక్కోసారి నొప్పి చెప్పడం కూడా మానేస్తుంది మాతాజీ అన్నాడు. తరువాత అసలు ప్రశ్న అడిగాడు. పాదం ఎప్పటి నుంచి బలహీనంగా ఉంది? దాన్నిబట్టే ఏ మాత్రం తిరిగి వస్తుందో అంచనా.

నా దగ్గర అన్నిటికీ తేదీలుంటాయి. దీనికి లేదు. అమ్మాయి నావైపు చూసింది. అక్కడినుంచే కింది ఇంటావిడకు ఫోన్ చేశాను.

"ఎప్పుడంటే, ఎండాకాలం సెలవులైనంక మా పోరగాండ్లు మల్ల పాఠానికి వచ్చిన వారం," అంది తడుముకోకుండా. "అంతకుముందు లేకుండె. అంతకుముందు రెండు కాళ్ళతోనే నా పానం తిన్నరు."

ఆరు వారాలు. ఆరు నెలలు కానందుకు డాక్టరు తల ఊపాడు. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వను, అసలు రాకపోవచ్చు కూడా, కానీ ఇప్పుడు చేస్తే వచ్చే వీలుంది, ఆగినకొద్దీ ఆ వీలు తగ్గుతుంది అన్నాడు. కాలం సంగతి అంతే సూటిగా చెప్పాడు. మంగళవారం ఖాళీ ఉంది, లేకపోతే ఆ పై వారం.

మంగళవారం అనగానే నేనూ అమ్మాయీ మావారి ముఖం చూశాం. మంగళవారం ఆయన గోళ్ళు కూడా తీసుకోరు. ఆయన తటపటాయించడం చూసి డాక్టరు ఇంకేదో అనుకున్నాడు. "అంకుల్‌జీ, మంగళవార్ తో బహుత్ శుభ్ హై. హనుమాన్‌జీ కా దిన్." మంగళవారం చాలా మంచిది, హనుమంతుడి రోజు అని.

మావారు ఒక నిమిషం ఆలోచించారు. "ఠీక్ హై," అన్నారు. బయటికి వచ్చాక అమ్మాయి ఆశ్చర్యపోతుంటే, "ఢిల్లీలో ఉన్నాం. ఇక్కడి మంగళవారమే లెక్క," అన్నారు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఆ సమయంలో నేను లేను. కళ్ళు తెరిచేసరికి మావారు మంచం చివర నా ఎడమపాదం పట్టుకుని కూర్చున్నారు. పట్టుకున్నట్టు నాకు తెలియలేదు, కనిపించింది. మర్నాడు వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి, "చలో ఆంటీ, ఉఠో," అని లేపి నిలబెట్టింది. నిలబడ్డాను. మావారు గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. నాలుగో రోజు ఇంటికి వచ్చాం. నేను నడిచే వెళ్ళాను, వచ్చేటప్పుడు మాత్రం మెట్ల మీద కుర్చీలో మోసుకొచ్చారు. ఆయన ఆ మాట అనలేదు, నేనూ అనలేదు.

పాదం వెంటనే రాలేదు. వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. రోజూ పొద్దున బొటనవేలిని లేవమని అడిగేదాన్ని, అది లేచేది కాదు. కింది ఇంటావిడ రోజు విడిచి రోజు పెసరకట్టో, జొన్నరొట్టె పప్పో పట్టుకుని వచ్చేది. "మీ సప్పుడు లేక మా ఇల్లు బోసిపోయింది. పోరగాండ్లు తాళం సక్కగ ఏస్తున్నరు, ఏం మజా లేదు," అనేది. ఒకరోజు ఆవిడ ఉండగానే నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. పప్పులో ఉప్పు తక్కువైందా అని అడిగింది.

కార్తీకంలో, కిటికీ బయట మళ్ళీ పొగ కమ్మిన ఒక ఆదివారం, మనవరాలు నా మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటోంది. హఠాత్తుగా, "హిలా! అమ్మమ్మా, అభీ హిలా!" అంది. నా ఎడమ బొటనవేలు ఇప్పుడే కదిలిందట. నేను నమ్మలేదు, మళ్ళీ చేయమంది. కదిలింది. బియ్యపుగింజ ఎత్తు ఉంటుందేమో. అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మావారు జిలేబీ తేవడానికి లేచారు. ఈసారి వద్దు, ముందు డాక్టరుకు చూపిద్దాం అన్నాను.

ఇప్పుడు పట్టీ లేదు. మార్కెట్ దాకా నడిచి వెళ్తాను, బండి దగ్గర ఆగకుండానే. భయ్యాకు నామీద కోపం వచ్చిందేమోనని అప్పుడప్పుడు ఆగి కొంటాను. బొటనవేలు పూర్తిగా లేవదు, అలిసిపోయిన సాయంత్రాల్లో పాదం ఇంకా కాస్త చరుస్తుంది. ఒకవేళ నేను మరిచినా, కింది ఇంటావిడ ఫోన్ చేసి, "ఇయ్యాల ఎక్కువ తిరిగిన్రు, కూసోన్రి," అంటుంది. కేలండర్లో నొప్పి అంకె వేయడం మానేశాను. నన్ను వినే మనిషి కింద ఉన్నారు.

మొన్న శ్రావణ శుక్రవారం మళ్ళీ పేరంటానికి వెళ్ళాను. ఆవిడ గిన్నె పట్టుకుని పీట మీద కూర్చుంది. "ముందుగాల్నే చెప్తున్న, అక్కా. రెండు కాళ్ళకు రాస్తున్న. మల్ల ఆడిట్ చెయ్యకున్రి."

నేను కళ్ళు మూసుకున్నాను. కుడికాలికి చల్లగా తగిలింది. తరువాత కాస్త ఆలస్యంగా, దూరం నుంచి వచ్చినట్టు, ఎడమకాలికి కూడా.

"ఎడమ," అన్నాను.

"ఆఁ," అంది ఆవిడ. "వేళ్ళ నడుమ?"

అక్కడ తెలియలేదు. తెలియలేదని చెప్పాను. ఆవిడ అక్కడ కూడా రాసింది.